బజ్జీల బండికి ఎన్ని ప్లేట్లమ్మితే గిడుతుంది?

డిగ్రీ కాలేజీలో కాస్ట్ అకౌంటింగ్ చెబుతాను. బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటే ఏమిటని అడిగితే మా బీకాం పిల్లలు ఇంగ్లిషులో గడగడా అప్పజెబుతారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియం చేశాక ఆ గడగడ మరీ పెరిగింది. సరే, మీ వీధి చివర బజ్జీల బండికి రోజుకెన్ని ప్లేట్లు అమ్మితే గిడుతుందంటే మాత్రం బల్లల కేసి చూస్తారు. అందుకే ఆ పాఠానికి అసైన్‌మెంట్ రాయించడం మానేసి, నలుగురేసి కలిసి మూడు నిమిషాల వీడియో తీసుకురమ్మంటున్నాను. మాట తెలుగులోనే.

ఒక జట్టు నిజంగానే బజ్జీల బండి దగ్గరికి వెళ్లింది. బండి అద్దె, సాయం చేసే కుర్రాడి కూలి, లైటు ఖర్చు కలిపి రోజుకు 600 రూపాయలు. అమ్మినా అమ్మకపోయినా ఇవి తప్పవు. ప్లేటు ధర 30. శనగపిండి, నూనె, మిరపకాయలు, గ్యాసు, కాగితం ప్లేటు కలిపి 18. మిగిలేది 12. 600ను 12తో భాగిస్తే 50 ప్లేట్లు. ఇంతవరకూ పుస్తకంలో లెక్కే. కెమెరా ముందు ఒకమ్మాయి ఆ 50 చెప్పగానే, బండి ఆవిడ చిల్లుల గరిటెను మూకుడు అంచుకు తట్టి, ‘మరి ఈ సెగలో నిలబడ్డందుకు నా కూలెవరిస్తారమ్మాయ్?’ అంది. వీడియో పాడైందనుకుని ఆ ముక్క తీసేయబోయారు పిల్లలు. నేనే ఉంచమన్నాను. ఆవిడ కూలి 480 వేసుకుంటే లెక్క 90 ప్లేట్లకు పోయింది. యజమాని సొంత శ్రమకు విలువ కట్టాలని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా అంత బాగా ఎక్కలేదు.

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. ఆ తర్వాత అదే బండి దగ్గరికి వెళ్లిన జట్టు నూనె ఖర్చు పెంచి, 18ని 20 చేసుకుని, ఆవిడ కూలి కలపకుండా 60 ప్లేట్లని ముందే లెక్క కట్టుకుని వెళ్లింది. తీరా చూస్తే ఆవిడ ధర పెంచలేదు, నష్టపోనూ లేదు. నాలుగు బజ్జీల ప్లేటు మూడు బజ్జీలకు దిగింది. ఢిల్లీలో సంతకం పడితే మన వీధిలో ప్లేటు ఎలా చిక్కుతుందో అలా తెలిసింది.

ఇక వీడియోల పేరుతో జరుగుతున్న హంగామా సంగతి. డ్రోన్ షాట్లకూ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌కూ బహుమతులిచ్చే పోటీలు చూస్తుంటే ఒళ్లు మండుతుంది. అవి పెళ్లి వీడియోలకు పనికొస్తాయి. నేను ఎడిటింగుకు ఒక్క మార్కూ వేయను. లెక్క కాగితం జతచేయాలి. జట్టులో నేను చూపించినవాళ్లు లేచి, అద్దె వంద పెరిగితే ఏమవుతుందో అప్పటికప్పుడు చెప్పాలి. ప్రాజెక్టు రిపోర్టులు జిరాక్స్ షాపులో పేర్లు మార్చుకుని పుడుతున్న రోజుల్లో ఈ మాత్రం పరీక్ష లేకపోతే వీడియోలూ అక్కడే తయారవుతాయి.

అమ్మాయిల ముఖాలు కనబడకూడదనే ఇళ్లున్నాయి. చేతులూ చిట్టా పుస్తకమూ చూపిస్తే చాలు. ఫోను జట్టుకొకటి సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వ్యాపారి అనుమతి. ఎంతకు కొంటున్నాడో, ఎంత మిగులుతుందో పక్క దుకాణం వాడికి తెలిస్తే ఆయన కొంప మునుగుతుంది. కాబట్టి వీడియో క్లాసు దాటి పోకూడదు, యూట్యూబ్‌లో అసలే పెట్టకూడదు. పిల్లలకు ఈ షరతు నచ్చదు, లైకులు రావుగా!

‘ఇలాగైతే సిలబస్ అవదు మేడం’ అంటారు తోటి లెక్చరర్లు. నిజమే, అన్ని పాఠాలకూ ఇది కుదరదు. జర్నల్ ఎంట్రీలు, కంపెనీల విలీనం లెక్కలు చేత్తో వంద చేస్తే తప్ప రావు. వాటికి వీడియో తీయించడం కాలయాపన. బ్రేక్ ఈవెన్, వర్కింగ్ క్యాపిటల్, తరుగుదల వంటి నాలుగైదు పాఠాలకు చాలు. సెకండ్ హ్యాండ్ సెల్‌ఫోన్ల షాపులో అరగంట కూర్చుంటే, కొత్త ఫోను విలువ మొదటి ఏడాదే ఎందుకంత పడిపోతుందో తెలిసి, తరుగుదలకు రెండు పద్ధతులెందుకో వాళ్లే చెబుతారు. యూనివర్సిటీలు చేయాల్సిందల్లా ఇంటర్నల్ మార్కుల్లో కొన్ని ఈ లెక్కా ఆ నోటి పరీక్షా కలిపి ఇచ్చుకునే వీలు లెక్చరర్లకు కల్పించడం. ప్రస్తుతం నేనది అసైన్‌మెంట్ గళ్లో వేసి నెట్టుకొస్తున్నాను.