వయసు ప్రభావమేనని ఊరకుండవచ్చునా?

మన క్వార్టర్లలో గోడ క్యాలెండరు లేని ఇల్లు ఉండదు. పాలలెక్క, గ్యాసు సిలిండరు వచ్చిన రోజు, పిల్లల పరీక్షల తేదీలు అన్నీ అందులో నమోదవుతాయి. ఇల్లాలి నెలసరి తేదీ మాత్రం అరుదుగా కనిపిస్తుంది. స్త్రీల వైద్యురాలు మొట్టమొదట అడిగే ప్రశ్న అదే కనుక, ఈ నెల శీర్షికలో ఆ విషయాన్నే తీసుకొంటున్నాము.

బహిష్టు మొదలైన రోజు నుండి మరల మొదలైన రోజు వరకు లెక్కించాలి. 28 రోజులన్నది సగటు మాత్రమే. 24 నుండి 38 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా, 8 రోజులలోపు ఆగిపోతే సహజమే. ఒక నెల నాలుగు రోజులు అటూ ఇటూ అయినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లు ఆడపిల్లలకు ఈ లెక్క స్థిరపడదు. 45 రోజుల వరకు వ్యవధి ఉండవచ్చును. అయితే 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోతే, లేదా మొదలైన తరువాత వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టరుకు చూపించాలి. గర్భం వచ్చే అవకాశమున్న వారికి తేదీ తప్పితే ముందు గర్భ పరీక్ష, తరువాతే తక్కినవి. థైరాయిడ్ లోపం, పీసీఓఎస్ అనే హార్మోన్ల అసమతుల్యం, బరువులో పెద్ద మార్పు తరచుగా కనిపించే కారణాలు.

మేము ముఖ్యంగా చెప్పదలచినది నలభై దాటిన సోదరీమణుల గురించి. "ముట్లుడిగే వయసు కదా, ఇలాగే ఉంటుందిలే" అని పెద్దవారు చెప్పగా విని, తామూ సర్దిచెప్పుకొని ఏళ్లు గడిపేవారు ఎందరో! ఆ వయసులో తేదీలు తారుమారు కావడం నిజమే. అధిక స్రావాన్ని మాత్రం వయసు ఖాతాలో వేయరాదు. గంటకొక ప్యాడు చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడుస్తున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, 8 రోజులు దాటినా అది అధిక స్రావమే. గర్భసంచిలో కంతులు ఉండవచ్చు, మరొకటి కావచ్చు. కారణమేదైనా ముందుగా తరిగిపోయేది ఒంట్లోని రక్తం. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ మొదలవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఐరన్ మాత్రలు వాడేవారు వాటిని కాఫీ, టీలతో కలిపి వేసుకోరాదు.

పన్నెండు నెలలు పూర్తిగా ఆగిన తరువాత మరల ఒక్క చుక్క కనిపించినా ఆ వారమే వెళ్లాలి. చాలామందిలో లోపలి పొర పలుచబడటమే కారణం. కొందరిలో మాత్రం అది గర్భాశయ క్యాన్సరుకు తొలి గుర్తు. ఆ దశలో పట్టుకొంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. నెల మధ్యలోగాని, కలయిక తరువాతగాని రక్తం కనిపించినా ఉపేక్షించరాదు.

వెళ్తే గర్భసంచి తీసివేయమంటారన్న భయం కొందరిది. ఆ భయం నిరాధారం కాదు. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషను అయినవారు దేశంలో 3.2 శాతం కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. "పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేమిటి?" అనే వాదన మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. క్యాన్సరు వంటి కారణాలకు ఆపరేషను తప్పదు, నిజమే. కాని చాలామందికి స్రావాన్ని తగ్గించే మాత్రలు, హార్మోను లూప్ సరిపోతాయి. స్కానింగు, అవసరమైతే లోపలి పొర పరీక్ష, రెండవ వైద్యుని అభిప్రాయం లేకుండా కాగితాలపై సంతకం చేయకండి. అండాశయాలు కూడా తీస్తారా అని తప్పక అడగండి. చిన్న వయసులోనే వాటిని తీసివేస్తే ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు గత మూడు నెలల తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చినదీ, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితంపై వ్రాసి తీసుకువెళ్లండి. స్రావం విపరీతంగా ఉన్నప్పుడు, అది తగ్గేదాకా ఆగి వెళ్లాలని చూడకండి. అటువంటి రోజున తోడుగా వెళ్లేందుకు భర్త ఒక పూట సెలవు పెట్టినా తప్పు లేదు.