“అవుతోంది” అనే మాట మానేద్దాం



ఈ సెమిస్టర్‌లో చాలామందికి టీమ్ ప్రాజెక్టులు మొదలవుతున్నాయి. అందుకే నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. పోయిన ఏడాది మేం నలుగురం కలిసి లైబ్రరీ పుస్తకాల యాప్ చేశాం. గిట్‌హబ్‌లో బోర్డు పెట్టుకున్నాం. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని మూడు వరసలు. లాగిన్ పేజీ కార్డు నాది. అది “చేస్తున్నవి” వరసలో పన్నెండు రోజులు అలాగే ఉంది. ఎవరడిగినా “అవుతోంది” అన్నాను. నిజానికి రెండో రోజే ఆగిపోయింది. అడిగితే “వీడికి ఇది కూడా రాదా” అనుకుంటారని భయం. రివ్యూ రోజు లాగిన్ అవ్వలేదు, నలుగురికీ మార్కులు పోయాయి. తర్వాత మా టీమ్ అమ్మాయి చూస్తే పది నిమిషాల్లో దొరికింది. డేటాబేస్‌లో కాలమ్ పేరు ఒకలా ఉంది, నా కోడ్‌లో ఇంకోలా ఉంది. అంతే.

ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లం మనం. రాదని బయటపడితే పరువు పోతుందనుకుంటాం. ఆ భయంతో బోర్డు మీద అబద్ధం పెడతాం. నా అభిప్రాయం ఒకటే: జీరా అయినా, ట్రెల్లో అయినా, గిట్‌హబ్ అయినా, కార్డు మీద నిజం రాయకపోతే ఆ సాఫ్ట్‌వేర్ దండగ.

ఆ దెబ్బ తర్వాత మేం పాటిస్తున్నవి ఇవి.

పనిని చిన్నగా కొయ్యాలి. “లాగిన్ పేజీ” అనేది ఒక పని కాదు. ఫారం గీయడం, పాస్‌వర్డ్ సరిచూడడం, తప్పయితే మెసేజ్ చూపించడం, ఇవి మూడు కార్డులు. ఒకటి రెండు రోజుల్లో తేలని కార్డు ఉంటే ఇంకా కొయ్యాలి.

ఒక మనిషి చేతిలో ఒకటి, మహా అయితే రెండు పనులే ఉండాలి. ఈ బోర్డు పద్ధతి జపాన్‌లో టొయోటా కార్ల ఫ్యాక్టరీ వాడిన కాన్‌బాన్ నుంచి వచ్చింది. చేతిలో ఉన్నది తేలకుండా కొత్తది ఎత్తుకోకూడదు.

సగం రోజు ఆగిపోతే కార్డు మీద “ఆగింది” అని లేబుల్ పెట్టాలి. ఏం ప్రయత్నించావో రెండు లైన్లు రాయాలి. అప్పుడు సాయం చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి అడగక్కర్లేదు.

బగ్ రాసేటప్పుడు నాలుగు సంగతులు ఉండాలి: ఏం చేస్తే వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ ఫోన్‌లో ఏ వెర్షన్‌లో. హాస్టల్‌లో “నీళ్లు రావట్లేదు” అంటే ప్లంబర్ ఎక్కడని వెతుకుతాడు? “రెండో అంతస్తు, ఎడమవైపు బాత్రూమ్, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా” అంటే నేరుగా అక్కడికే పోతాడు. బగ్ కూడా అంతే.

దీనికి మన భాషలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అనే అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడిపోయాయి. “తెలుగు వస్తే ఫోన్ పాడవుతోంది” అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అసలు సంగతి ఏంటంటే, ఆ అక్షరం మధ్యలో కంటికి కనపడని యూనికోడ్ గుర్తు ఒకటి ఉంది. అది ఉంటేనే క్రాష్. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి కూర్పులు కొన్ని దొరికాయి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ఇచ్చి ఆపిల్ సరిచేసింది. ఇంత కచ్చితంగా పట్టుకుంటేనే బగ్ చిక్కుతుంది.

తీవ్రత వేరు, తొందర వేరు. మొదటి పేజీలో కాలేజీ పేరు తప్పు పడితే చిన్న తప్పే, కానీ రేపు రివ్యూ ఉంటే ముందు సరిచెయ్యాల్సింది అదే. ఎవరూ తెరవని పేజీలో క్రాష్ పెద్దదే, కానీ రెండు రోజులు ఆగొచ్చు.

బగ్ సరిచేసినవాళ్లే దాన్ని మూసెయ్యకూడదు. రాసినవాళ్లు మళ్లీ చూసి మూయాలి.

“నలుగురికి బోర్డు ఎందుకు, వాట్సాప్ చాలు కదా” అని కొందరంటారు. నేనూ అన్నాను. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌ల కింద బగ్ కూరుకుపోతుంది. ఎవరు చెయ్యాలో ఎవరికీ గుర్తుండదు. కార్డు మీద పేరు ఉంటుంది. ఆ పేరు పని ఎవరిదో చెప్పడానికే, తప్పు ఎవరిదో చూపించడానికి కాదు. “నీ కోడ్ చెత్త” అని కార్డు మీద రాస్తే రేపటి నుంచి ఎవరూ నిజం రాయరు.

ఇంగ్లీష్ రాదని కార్డు ఖాళీగా వదలొద్దు. మా టీమ్‌లో తెలుగులోనే రాసుకుంటాం. అలవాటయ్యాక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో “గుడ్ ఫస్ట్ ఇష్యూ” అని లేబుల్ ఉన్నవి వెతకండి. అవి కొత్తవాళ్ల కోసమే పెడతారు. ముందు ఇతరులు బగ్ ఎలా రాశారో చదవండి, ఇంగ్లీష్ కూడా అక్కడే వస్తుంది.

బోర్డు ఎలా పెట్టాలో తెలియనివాళ్లు నన్ను అడగండి. తెలిసినంత చెప్తాను. తెలియకపోతే తెలియదనే చెప్తాను, “అవుతోంది” అని మాత్రం అనను.