గోలు కాచిన సికిందరాబాదు బిడ్డ

ఫుట్‌బాల్ ఆటలో పదిమంది చేసే తప్పులు దుమ్ములో కలిసిపోతాయి. పదకొండోవాడి తప్పు మాత్రం లెక్కకెక్కుతుంది. వాడే గోల్‌కీపర్. ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న వాకిలికి ఒంటరి కాపలాదారు. ఇరవై బంతులు ఆపితే చప్పట్లు నాలుగు. ఒకటి జారవిడిస్తే తిట్లు నలభై.

చలిదేశాలలో మంచుమీద ఆడే హాకీలో ఈ కాపలా మరీ ప్రాణాంతకం. అక్కడ బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ దూసుకువస్తుంది. మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్‌కు 1959 నవంబరు 1న న్యూయార్కులో ఆ బిళ్ళ తగిలి ముఖం చిట్లింది. కుట్లు వేయించుకొని, ముఖానికి ముసుగు తగిలిస్తేనే ఆడతానని పట్టుబట్టి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఆ ఆటలో ముసుగు వాడుక స్థిరపడింది ఆ తరువాతనే.

మనకా మంచూ లేదు, ఆ హాకీ లేదు. కాని అటువంటి గుండె ఉన్నవాడొకడు మన సికిందరాబాదు మైదానాలలోనే తయారయ్యాడు. అతని పేరు పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాదు రాజ్యంలో పుట్టి, సికిందరాబాదులో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల తరఫున ఆట మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి కడుపు నింపుకోవడం కష్టం. పోలీసులోనో, రైల్వేలోనో, పట్టాళంలోనో ఉద్యోగం ఉంటేనే ఆట. తంగరాజ్ నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో మద్రాసు రెజిమెంటల్ సెంటర్‌లో చేరాడు. విచిత్రమేమిటంటే, మొదట అతను సెంటర్ ఫార్వర్డ్, అంటే గోలు కొట్టేవాడు. తరువాతనే గోలు కాచేవాడయ్యాడు. కొట్టే కిటుకు తెలిసినవాడికి కాచే కిటుకూ తెలుస్తుంది కాబోలు! ఆరడుగులు దాటిన మనిషి. చెయ్యి చాస్తే పై కమ్మీ అందేది. ఆ రెజిమెంటు 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్సులకు వెళ్ళిన మన జట్లలో అతనున్నాడు. మెల్‌బోర్న్‌లో మనది నాలుగో స్థానం.

అసలు పరీక్ష 1962లో జకార్తా ఆసియా క్రీడలలో వచ్చింది. జట్టు శిక్షకుడు హైదరాబాదు రహీం సాహెబు. అప్పటికే ఆయనను క్యాన్సర్ తినేస్తున్నది. దక్షిణ కొరియాతో తొలి ఆటలోనే మనవాళ్ళు 0–2తో ఓడారు. తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. అతని బదులు ప్రద్యోత్ బర్మన్ గోలు కాస్తూ ఉండగా జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కి ఫైనల్ చేరింది. అక్కడ ఎదురైనది మళ్ళీ ఆ కొరియాయే.

ఇప్పుడు ఎవరిని నిలబెట్టాలి? గెలిపిస్తూ వచ్చినవాణ్ణా, జ్వరం నుంచి లేచినవాణ్ణా? రహీం తంగరాజ్‌నే ఎంచుకున్నాడు. గోలు పడితే నింద ఇద్దరికీ.

సెప్టెంబరు 4న స్టేడియంలో సుమారు లక్షమంది. రాజకీయపు రగడవల్ల అందులో హెచ్చుమంది మనకు విరోధులే. మనవాళ్ళు బంతి తాకితే చాలు, కేకలు. పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టాడు. తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. ఆట ముగియవచ్చే వేళకు కొరియా ఒక గోలు తిరిగి ఇచ్చింది. ఇంకొకటి పడితే అంతా మొదటికి వచ్చేది. పడలేదు! 2–1తో బంగారు పతకం మనది. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం సాహెబు కన్నుమూశాడు.

తంగరాజ్ కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. 1967లో అర్జున పురస్కారం వచ్చింది. ఆట మానిన తరువాత బొకారోలో కుర్రవాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పాడు. 2008లో అక్కడే పోయాడు.

వీధిలో పిల్లలు జట్లు కట్టేటప్పుడు ఎవరికీ అక్కరలేని వాణ్ణి గోలులో నిలబెట్టడం మామూలు. మీ అబ్బాయి అలా నిలబడి, ఆ ఉక్రోషంతో ముఖం ముడుచుకొని ఇంటికి వస్తే, అన్నం పెడుతూ తంగరాజ్ కథ చెప్పండి. మర్నాడు వాడే ముందుగా పరుగెత్తి గోలులో నిలబడతాడేమో!