మా కుక్క కరవదండీ!

గత నెల మా అపార్టుమెంటు సంఘ సమావేశంలో రెండు గంటల సేపు కుక్కల గురించే చర్చ జరిగింది. నలభై ఎనిమిది ఇండ్లున్న సముదాయంలో పదకొండు పెంపుడు కుక్కలున్నాయి. ప్రహరీ బయట చెత్తతొట్టె దగ్గర మరో ఆరేడు వీధికుక్కలు మకాం పెట్టాయి. ఒక పెద్దమనిషి కుక్కలను పూర్తిగా నిషేధించాలన్నారు. ఇంకొకరు వాటిని లిఫ్టు ఎక్కనీయరాదన్నారు. ఒక తల్లి తన కుమారుడు ఆడుకోవడానికి క్రిందికి దిగడమే మానుకున్నాడని చెప్పుకొన్నది. వేరొక గృహిణి, తన కుక్కను పంపివేయవలసి వస్తే తానూ ఇల్లు ఖాళీ చేస్తానని కంటతడి పెట్టింది. ఈ వాదోపవాదాల నడుమ ఒక వాక్యం కనీసం అయిదుసార్లు వినిపించింది: "మా కుక్క కరవదండీ!"

ముప్పై ఏళ్ళకు పైబడిన ప్రభుత్వ వైద్య సేవలో ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కరిచిన తరువాత కూడా చాలామంది ఇదే మాట అంటారు. "కరవలేదండీ, ఆడుతూ పన్ను తగిలించింది" అంటారు. పిక్క మీద నాలుగు గాట్లు పడి నెత్తురు కారుతున్నా అది "పన్ను తగలడమే" అవుతుంది!

సమావేశం ముగిసేసరికి "డాక్టరు గారూ, మీరే నిబంధనలు వ్రాసి ఇవ్వండి" అని పాత నిబంధనల కాగితం నా చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చి చదివాను. కుక్కకు గొలుసు ఉండాలి, మెట్ల మీద మలవిసర్జన చేయిస్తే అయిదు వందల రూపాయల జరిమానా, రాత్రి పది తరువాత మొరగకుండా చూసుకోవాలి. (ఈ చివరి నిబంధనను కుక్కలకు ఎవరు చదివి వినిపిస్తారో తెలియదు.) అన్నీ ఉన్నాయి గాని, కుక్క ఎవరినైనా కరిస్తే యజమాని ఏమి చేయాలన్న విషయం మీద ఒక్క వాక్యమూ లేదు. ఆ తరువాత మిత్రుల ద్వారా మరి నాలుగు కాలనీల నిబంధనలు తెప్పించుకొని చూశాను. వాటిలోనూ అది లేదు. ప్రాణాలు నిలిపేదీ తీసేదీ ఆ ఒక్క నిబంధనే అని నా అభిప్రాయం. అందుకు కారణం ఒక పాత సంఘటన.

1980ల నడుమ నేనొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడిగా ఉన్నాను. ఒక వేసవి సాయంత్రం తొమ్మిదేళ్ళ బాలుడిని ఎడ్లబండిలో తీసుకువచ్చారు. జ్వరం స్వల్పంగా ఉన్నది. రెండు రోజులుగా వాడు నీళ్ళు త్రాగడం లేదని తల్లి చెప్పింది. గ్లాసు చేతికి ఇస్తే దాహంతో నోటి దాకా తీసుకొన్నాడు. పెదవికి నీరు తగలకముందే గొంతు బిగుసుకుపోయి, గ్లాసు జారవిడిచి, తల్లిని పట్టుకొన్నాడు. విసనకర్రతో విసిరితే ఆ గాలికి కూడా వాడి మెడ కండరాలు బిగుసుకొన్నాయి. రోగనిర్ణయానికి ఇంకే పరీక్షా అవసరం లేదు. కుక్క ఏమైనా కరిచిందా అని అడిగితే తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. రెండు నెలల క్రితం ఊరి పెద్దింటి కుక్కపిల్ల వ్రేలు కొరికిందట. చిన్న గాటు. ఆ ఇంటివారు "ఇంట్లో పాలు పోసి పెంచుకొనే పిల్ల, దానికి పిచ్చి ఎక్కడిది?" అన్నారట. గాటుకు సున్నం అద్ది పంపారట.

మర్నాడు పెద్దాసుపత్రిలో ఆ పిల్లవాడు మరణించాడు. తరువాత నాకు తెలిసిన విషయం నన్ను ఈనాటికీ విడిచిపెట్టలేదు. ఆ కుక్కపిల్ల పిల్లవాడిని కరిచిన ఆరవ రోజున చనిపోయింది. ఆ ఇంటివారు దానిని కాలువ గట్టున పారవేసి ఊరుకొన్నారు. ఎవరికీ చెప్పలేదు. వారు దుర్మార్గులు కారు. చెబితే మాట వస్తుందని, ఖర్చు నెత్తిన పడుతుందని వెనుకాడారు, అంతే. ఆరవ రోజున ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్లవాడికి దాదాపు యాభై రోజుల వ్యవధి ఉండేది. ఆ రోజులలో బొడ్డు చుట్టూ పొడిచే సెంపుల్ టీకాలు బాధాకరమైనవే, దుష్ఫలితాలు ఉన్నవే. అయినా అవి జిల్లా ఆసుపత్రిలో ఉండేవి.

రేబీస్ స్వభావం తెలిస్తే ఆ వ్యవధి విలువ అర్థమవుతుంది. వ్యాధిగ్రస్తమైన కుక్క లాలాజలంలోని వైరస్ గాటు ద్వారా శరీరంలో చేరుతుంది. అది రక్తంలో ప్రయాణించదు. గాయం వద్ద నుండి నాడీ తంతువుల వెంబడి నెమ్మదిగా మెదడు వైపు సాగుతుంది. ఇందుకు సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజులే పట్టవచ్చు, అరుదుగా ఏడాది దాటవచ్చు. ముఖం, తల, మెడ, చేతులపై గాట్లు పడినపుడు గడువు తక్కువ. వైరస్ మెదడును చేరేలోపు టీకాలు, ప్రతిరక్షకాలు దానిని నిలువరించగలవు. వ్యాధి లక్షణాలు మొదలైన తరువాత మాత్రం మరణం దాదాపు నిశ్చయం. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ బాలుడికి తొలి టీకా వేసినదీ ఈ వ్యవధిని నమ్ముకొనే. నా దగ్గరకు వచ్చిన పిల్లవాడికీ తొమ్మిదేళ్ళే. నూరేళ్ళ తరువాత కూడా టీకా లేక కాదు, సమాచారం లేక అతడు పోయాడు.

కుక్క విషయంలో ప్రకృతి మనకు ఇంకొక వెసులుబాటు ఇచ్చింది. రేబీస్ ఉన్న కుక్క లాలాజలంలోకి వైరస్ వచ్చేది లక్షణాలు కనిపించడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే. ఆపైన అది త్వరలోనే చనిపోతుంది. కాబట్టి కరిచిన కుక్క పది రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో వైరస్ లేదని నిర్ధారించవచ్చు. అయితే పది రోజులు చూసి టీకాలు మొదలుపెడదామనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. టీకాలు కరిచిన రోజే మొదలుపెట్టాలి. కుక్క పది రోజులు కులాసాగా ఉన్నదని తేలితే మిగిలిన మోతాదులు అవసరమా కాదా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. వీధికుక్క కరిస్తే దానిని పది రోజులు గమనించడం కష్టం. పెంపుడు కుక్కయితే అది యజమాని గడపలోనే ఉంటుంది. అందుచేత అతని నోటి మాటకు వైద్యంలో ఒక ఔషధానికి ఉన్నంత విలువ ఉన్నది.

అందువలన నేను వ్రాసిన నిబంధనలలో మొదటిది ఇది. పెంపుడు కుక్క ఎవరిని కరిచినా, గోళ్ళతో రక్కినా, దాని యజమాని వెంటనే గాయపడిన వ్యక్తిని కుళాయి దగ్గరకు తీసుకువెళ్ళి సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు గాయాన్ని కడిగించాలి. గడియారం చూసి పదిహేను నిమిషాలు! చాలామంది రెండు నిమిషాలకే చాలిస్తారు. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు వేటినీ పూయకూడదు. వెంటనే కట్టు కట్టరాదు, కుట్లు వేయించరాదు. ఆ తరువాత కుక్క టీకాల పుస్తకం పట్టుకొని యజమాని కూడా ఆసుపత్రికి వెళ్ళాలి. పది రోజులు కుక్కను ఇంటిలోనే ఉంచాలి. ఊరికి పంపడం, ఎవరికైనా ఇచ్చివేయడం, విడిచిపెట్టడం పనికిరాదు. ఈలోగా అది జబ్బుపడినా, తప్పిపోయినా, చనిపోయినా ఆ రోజే గాయపడినవారికి తెలియజేయాలి.

ఇది చదివి మా కార్యదర్శి "కరిచినందుకు జరిమానా ఎంత వేద్దాం డాక్టరు గారూ?" అన్నారు. వద్దన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. కరిచినందుకు పదివేలు జరిమానా అని గోడ మీద వ్రాస్తే, మరునాటి నుండి మా సముదాయంలో ఏ కుక్కా కరవదు. అంటే, కరిచినట్లు ఎవరూ చెప్పరు. పనిమనిషిని కరిస్తే చేతిలో రెండు వందలు పెట్టి "ఎవరితోనూ అనకు" అంటారు. ఆమె ఆ పూట కూలి పోతుందని ఆసుపత్రికి వెళ్ళదు. కనుక చికిత్స ఖర్చు, పోయిన కూలి యజమాని భరించాలి. దాచినందుకు మాత్రం జరిమానా గట్టిగా ఉండాలి. ఇక నిర్లక్ష్యానికి శిక్ష విధించడానికి చట్టం వేరే ఉన్నది. తన ఆధీనంలోని జంతువు వలన ఇతరులకు ప్రమాదం కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని భారతీయ న్యాయ సంహిత 291వ విభాగం చెబుతున్నది. ఆ పని న్యాయస్థానాలు చూసుకొంటాయి.

"మా కుక్కకు టీకాలన్నీ వేయించాం కదా, మళ్ళీ మనిషికి ఎందుకు?" అని ఒక యజమాని అడిగారు. మంచి ప్రశ్నే. కుక్కకు మూడవ నెలలో మొదటి రేబీస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం బలపరిచే మోతాదులు పడాలి. మొదటి ఏడాది ఉత్సాహంగా వేయించి, నాలుగవ ఏడాదికి మరచినవారే ఎక్కువ. టీకా నిలువ లోపం వలన పనిచేయకపోవచ్చు. మూడు నెలలు నిండని పిల్లకు టీకాయే పడదు, కాని తల్లి నుండో వీధి నుండో వ్యాధి సోకవచ్చు. కుక్కపిల్ల కొరికితే ఏమీ కాదనే నమ్మకం ఎంత ప్రమాదకరమో పైన చెప్పాను. గాటు పడినపుడు కుక్క టీకాల పుస్తకం వైద్యుడికి ఉపకరిస్తుందే గాని, మనిషి టీకాలకు బదులు కాదు.

నెత్తురు వచ్చిన గాటు ఎంత చిన్నదైనా మూడవ తరగతి గాయం క్రిందికే వస్తుంది. దానికి టీకాలతో పాటు గాయం లోపల, చుట్టూ ప్రతిరక్షకాలను కూడా ఎక్కించాలి. టీకా వలన శరీరంలో రక్షణ ఏర్పడడానికి వారం పైన పడుతుంది. ఆ వారం గాయం వద్ద కాపలా కాసేవి ఆ ప్రతిరక్షకాలే. టీకాలు ఇపుడు భుజానికే. చర్మంలో ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28వ రోజులలో, కండరంలో అయితే 0, 3, 7, 14, 28వ రోజులలో వేస్తారు. ప్రభుత్వాసుపత్రులలో ఉచితం. హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ దశాబ్దాలుగా ఈ సేవ చేస్తున్నది. కుక్కలున్న ఇండ్లలోని పిల్లలకు ముందస్తుగా టీకాలు వేయించడం మంచిది. అటువంటివారికి తరువాత గాటు పడితే 0, 3 రోజులలో రెండు మోతాదులు చాలు, ప్రతిరక్షకాలు అవసరముండవు.

తక్కిన నిబంధనల విషయంలో నాకు పెద్ద పట్టుదల లేదు. కుక్క ఇల్లు దాటితే గొలుసు ఉండాలి, అది ఆపగల శక్తి ఉన్న పెద్దవారి చేతిలో ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ముప్పై కిలోల కుక్కను నడిపించడం లేదు, కుక్కే వాడిని నడిపిస్తున్నది. లిఫ్టులో ఎవరైనా భయపడితే యజమాని తరువాతి విడతలో వెళ్ళాలి. దూకుడు కుక్కకు మూతిచిక్కం వేయాలి. మలాన్ని యజమానే ఎత్తాలి. ఇది మర్యాద కోసమే కాదు. కుక్క పేగులలోని పురుగుల గ్రుడ్లు మట్టిలో కలిసి, ఆడుకొనే పిల్లల చేతుల ద్వారా నోటికి చేరుతాయి. నిషేధం కోరిన పెద్దమనిషికి మాత్రం ఒక మాట చెప్పవలసి వచ్చింది. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం గాని, లిఫ్టు వాడరాదనే అధికారం గాని నివాస సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టం చేసింది. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

వీధికుక్కల సంగతి వేరు. వాటికి సంతాన నిరోధ శస్త్రచికిత్స చేసి టీకాలు వేయడం 2023 నాటి కేంద్ర నియమాల ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బై వాటికి టీకాలు పడితే వాటిలో వ్యాధి వ్యాప్తి ఆగిపోతుంది. అయితే అన్నం పెట్టే చోటును నిర్ణయించవలసినది మన సంఘాలే. పిల్లలు ఆడుకొనే చోటికి, మెట్లకు, రాకపోకల ద్వారాలకు అది దూరంగా ఉండాలని ఆ నియమాలే చెబుతున్నాయి. మా గేటు ప్రక్కనే ప్రతి రాత్రి పెరుగన్నం పెట్టే దయగల తల్లికి ఈ విషయం నచ్చచెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇపుడు ఆమె వెనుక సందులో పెడుతున్నది. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం వీధికుక్కలపై మొదట ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకే దానిని సవరించిన తరువాత, ప్రతి ఇంటా న్యాయవాదులు తయారయ్యారు. ఆ చర్చలో నేను దిగను. చెత్తతొట్టెకు మూత లేనంత కాలం ఏ ఉత్తర్వూ మా వీధిలో పూర్తిగా అమలు కాదని మాత్రం తెలుసు.

నిబంధనలు ఆమోదం పొందాయి. వాచ్‌మన్ గదిలో ఒక రిజిస్టరు పెట్టించాము. కుక్క పేరు, ఇంటి సంఖ్య, ఆఖరి రేబీస్ టీకా తేదీ అందులో ఉంటాయి. మొదటి వారంలో పదకొండు కుక్కలకు గాను ఏడింటి వివరాలే వచ్చాయి. ఆ ఏడింటిలోనూ రెండింటికి గడువు దాటి ఏడాదిన్నర అయినది. "మా కుక్క కరవదండీ" అని అందరికంటె గట్టిగా చెప్పినవారి కుక్క ఆ రెండింటిలో ఒకటి. వారిని నేనేమీ అనలేదు. వచ్చే ఆదివారం ఉదయం పశువైద్యుడు వస్తున్నారని మాత్రం చెప్పి వచ్చాను. మిగిలిన నాలుగిండ్లకు రేపు సాయంత్రం వెళ్ళాలి.