మగవాళ్ళ తగాదా మాత్రమే చరిత్రా?

ఇద్దరు నాయకులు పదేళ్ళు కలిసి పనిచేసి, విడిపోయి, బహిరంగంగా ఒకరినొకరు దుయ్యబట్టుకుంటే దానికి మన చరిత్రకారులు పెట్టే పేరు 'సిద్ధాంత విభేదం'. ఇద్దరు స్త్రీలు అదే పని చేస్తే 'ఆడవాళ్ళకి ఆడవాళ్ళకి పడదండీ' అనేసి ఊరుకుంటారు.

నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభనే తీసుకోండి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైంది. 1944లో భువనగిరిలో చీలింది. అధ్యక్షులు రావి నారాయణరెడ్డి. సభ్యత్వ రుసుము అణాకి దిగింది, పల్లెల్లోని పేదలకి సభలో చోటు దొరికింది. మితవాదులు దూరంగా ఉండిపోయారు. మరుసటి ఏడు ఒక వర్గం ఖమ్మంలో, ఇంకో వర్గం మడికొండలో వేరువేరుగా సభలు జరుపుకున్నాయి. భూమి గురించి, వెట్టి గురించి జరిగిన తగాదా అది. జరగాల్సిందే. దాని మీద నాకు పేచీ లేదు.

జోగిపేట నుంచీ మహాసభతో పాటు మహిళాసభ జరిగేది. అక్కడ నడింపల్లి సుందరమ్మ, 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షురాళ్ళు. చీలికకి పేజీలకి పేజీలు దొరుకుతాయి. వీళ్ళకి మాత్రం మహిళాసభ 'కూడా' జరిగిందన్న అరవాక్యం! వాళ్ళలో వాళ్ళు దేని మీద వాదించుకున్నారు? మగ నాయకుల్ని దేనికి నిలదీశారు? చిక్కడపల్లిలో ఒక సభలో ఈ మాట అడిగితే వేదిక మీది పెద్దాయన నవ్వి, "అది రాజకీయం కదమ్మా, ఆడవాళ్ళని ఎందుకు లాగుతావు?" అన్నారు.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సులోనూ ఇదే తంతు. అధ్యక్షుల పేర్లు, ఊళ్ళు, సంవత్సరాలు. చిక్కడపల్లి లైబ్రరీలో అమ్మాయిలు వాటిని వల్లె వేస్తుంటారు. నారాయణగూడలో 1928లో వెలసిన మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల కూడా వాళ్ళకి ఒక బిట్టు ప్రశ్నే. ఆ బడి చదువులు ఏ నోళ్ళకి మాట నేర్పాయన్నది సిలబస్‌లో లేదు.

1948 సెప్టెంబరు తర్వాత సాయుధ పోరాటాన్ని కొనసాగించడం తప్పని రావి నారాయణరెడ్డి సొంత పార్టీతోనే విభేదించారు. అది రాజకీయ విమర్శగా నిలిచింది. 1951లో పోరాటం విరమించాక, ఇక ఇళ్ళకి పోయి సంసారాలు చూసుకోమన్నారని ఆ పోరాటంలోని స్త్రీలే చెప్పారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళ మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చు వేసేటప్పటికి 1986 వచ్చింది. ఆ మాటల్ని మనవాళ్ళు 'ఆవేదన' అంటారు, 'జ్ఞాపకాలు' అంటారు. అదే పార్టీ, అదే పోరాటం. ఆయనది లైను మీద విమర్శ అయితే వీళ్ళది కన్నీళ్ళెట్లా అయింది? తుపాకీ పట్టినవాళ్ళని గరిటె పట్టుకోమనడం కూడా ఒక లైనే కదా!

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలారా, 1945 దగ్గర ఖమ్మమూ మడికొండా రెండూ రాస్తున్నారు. ఆడవాళ్ళు ఏ పందిట్లో కూర్చున్నారో, అక్కడే ఎందుకు కూర్చున్నారో కూడా వెతికి రాయండి.