జాడ తీసే కథ

ఒంగోలు గిత్తలకు పుట్టినిల్లయిన ఈ సీమలో ‘జాడ’ అనే మాట రైతుకు కొత్తది కాదు. రాత్రి కొట్టంలో కట్టిన ఎద్దు తెల్లవారేసరికి కనిపించకపోతే ఇంటిల్లిపాదీ గగ్గోలు పెట్టవచ్చు. కాని అనుభవజ్ఞుడైన రైతు ముందుగా నేలవైపు చూస్తాడు. గిట్టల గుర్తులు ఏ దిక్కుకు సాగాయి? పలుపు తెగిందా, ఎవరైనా విప్పారా? గిట్టల పక్కన మనిషి అడుగులు కూడా ఉన్నాయా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికేవరకు వివేకవంతుడు ఎవరి పేరూ ఎత్తడు.

కనిపించే గుర్తును ఆధారం చేసుకొని కనిపించని సత్యాన్ని నిశ్చయించడాన్ని మన తర్కశాస్త్రం ‘అనుమాన ప్రమాణం’ అన్నది. కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వాడుకభాషలో మాత్రం అదే ‘అనుమానం’ ఆధారం లేని సందేహానికి పేరయింది. మాట ఒక్కటే అయినా ఈ రెండర్థాల మధ్య ఎంతో దూరం ఉంది. సందేహమనే అనుమానం దగ్గర బయలుదేరి, ప్రమాణమనే అనుమానం దాకా పాఠకుణ్ణి నడిపించేదే అపరాధ పరిశోధక కథ. తరాలు మారినా దాని ఆకర్షణ తరగకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఈ అభిరుచి మనకు పూర్తిగా పరాయిది కాదు. మర్యాద రామన్న తీర్పుల కథల్లో సాక్షులు లేని తగాదాను న్యాయమూర్తి తన యుక్తితో తేలుస్తాడు. బేతాళ కథల్లో ప్రతి కథ చివర ఒక ప్రశ్న నిలుస్తుంది. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బేతాళుడు విక్రమార్కుణ్ణి హెచ్చరిస్తాడు. ఆ ప్రశ్న విక్రమార్కునికి వేసినదే అయినా, వినే పిల్లవాడు కూడా తన సమాధానం తాను వెదుక్కొంటాడు. కథ విని ఊరుకోక, కథతో పాటు ఆలోచించడం అక్కడే మొదలయింది.

అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1841లో ప్రచురించిన కథతో ఆధునిక అపరాధ పరిశోధక సాహిత్యం ఆరంభమయిందని విమర్శకులు చెబుతారు. 1887లో ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ పాత్రను పాఠకలోకానికి పరిచయం చేశాడు. ఆ తరువాత, రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలం ఈ ప్రక్రియకు స్వర్ణయుగమయింది. 1920లో తొలి నవల వెలువరించిన అగాథా క్రిస్టీ ఆ యుగానికి మకుటాయమానమైన రచయిత్రి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆసుపత్రిలో మందులు తయారుచేసి ఇచ్చే విభాగంలో పనిచేసిన అనుభవం ఆమెకు విషపదార్థాల గుణాలను నేర్పింది. ఆ జ్ఞానం ఆమె నవలల్లో చక్కగా అక్కరకు వచ్చింది.

ఆ కాలపు రచయితలు తమకు తాము కొన్ని కట్టుబాట్లు విధించుకొన్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఇటువంటి కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ తొలిభాగంలోనే కనిపించాలి. దయ్యాలూ మానవాతీత శక్తులూ చిక్కుముడిని విప్పరాదు. పరిశోధకునికి దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకునికి కూడా చూపాలి. ఈ నియమాల సారం ఒక్కటే: రచయిత పాఠకుణ్ణి ఏమరుపాటులో పడవేయవచ్చుగాని మోసగించరాదు. తనకు తెలిసినదంతా నా ముందు ఉంచి, ‘నీవూ ఆలోచించు’ అనే రచయిత నన్ను గౌరవిస్తున్నాడు. ఆ గౌరవాన్ని పాఠకుడు మరచిపోడు.

ఆ యుగం యుద్ధం వెనువెంటనే రావడం కూడా గమనించదగిన విషయం. మొదటి ప్రపంచయుద్ధంలో కోటిమందికి పైగా మరణించారు. అంతమంది చావుకు జవాబు చెప్పేవారు లేని కాలంలో, ఒకే ఒక్క మనిషి చావుకు కారణం తేలేవరకు కథను ముగియనివ్వని సాహిత్యం వెలసింది. మృతుడు ధనికుడు కావచ్చు, పనిమనిషి కావచ్చు, అందరికీ విరోధి కావచ్చు. అతని ప్రాణం ఎలా పోయిందో తెలియవలసిందే. వినోదం కోసం రాసిన ఆ కథల అడుగున ఈ పట్టుదల ఉంది.

తెలుగునాట ఈ ప్రక్రియ వంగదేశం మీదుగా కూడా వచ్చింది. పాంచ్‌కడీ దే బెంగాలీ నవలలు అనువాదాలుగా ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మన పాఠకులను ఉర్రూతలూగించాయి. స్వాతంత్ర్యానంతరం కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి మనుషులయ్యారు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వంటి మహాగ్రంథాన్ని రచించిన ఆరుద్ర కూడా ‘పలకల వెండిగ్లాసు’ వంటి అపరాధ పరిశోధక నవలలు రాశారు. మన సాహిత్య చరిత్రను శోధించిన చేయి నేరస్థుని జాడనూ శోధించిందన్నమాట.

మద్రాసు, విజయవాడల మధ్య రైలుమార్గం మీద ఉన్న ఒంగోలు వంటి పట్టణాలకు ఆ రెండు నగరాల్లో అచ్చయిన చిన్న పుస్తకాలు సులువుగా చేరేవి. అద్దె పుస్తకాల దుకాణాల్లో కొద్దిపాటి పైసలకే నవల దొరికేది. పెద్దలు మందలిస్తారని పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని చదివిన విద్యార్థులు ఆ తరంలో ఎందరో! కుటుంబంలో మొదటిసారి అక్షరాలు నేర్చినవారికి మూడు వందల పుటలు ఏకబిగిన చదవగలమన్న ధైర్యాన్ని ఇచ్చినవి ఈ నవలలే. అట్టివారిలో కొందరు క్రమంగా చలాన్నీ, కుటుంబరావునూ అందుకొన్నారు. గడప దాటనిదే గర్భగుడి చేరలేము కదా!

ఈ సాహిత్యంపై వచ్చిన విమర్శలను తోసిపుచ్చడం న్యాయం కాదు. మన నవలల్లో చాలావరకు ఇంగ్లీషు కథలకు నీడలే. కొన్నింటిలో తర్కం కన్న తుపాకులూ, మారువేషాలూ, వెంటాడడాలూ ఎక్కువ. స్త్రీ తరచుగా శవంగానో, మాయలాడిగానో కనిపిస్తుంది. దొంగ దొరికిన చోట కథ ముగుస్తుందిగాని, మనిషి దొంగగా మారడానికి గల సామాజిక కారణాల జోలికి రచయిత పోడు. నిజజీవితంలో ఎన్నో నేరాలు ఎన్నటికీ తేలకుండా మిగిలిపోతాయన్న సంగతి కూడా ఈ పుస్తకాలు మరపింపజేస్తాయి. ఇవన్నీ నిజమైన లోపాలే. అయితే ఇవి రచనల లోపాలు. ప్రక్రియ లోపం కాదు. మంచి నవలకూ చవకబారు నవలకూ గల తేడా ఏ ప్రక్రియలోనైనా ఉంటుంది.

మంచి అపరాధ పరిశోధక నవల నేర్పే పాఠం ఒకటి ఉంది. దానిలో మొదట అందరి వేలూ చూపించే మనిషి సాధారణంగా నేరస్థుడు కాడు. ముఖం కరుకుగా ఉన్నవాడు, ఊరికి కొత్తగా వచ్చినవాడు, గతంలో తప్పు చేసినవాడు, పేదవాడు – వీరిపై లోకం తొందరపడి నింద మోపుతుంది. పరిశోధకుడు మాత్రం ఆగుతాడు. పెద్దమనిషి మాటనూ పరీక్షిస్తాడు; ఎవరూ లెక్కచేయని వంటమనిషి మాటనూ శ్రద్ధగా వింటాడు. ఆధారం ముందు అంతస్తులు లేవు.

ఈ పాఠం అవసరం నేడు మరింత పెరిగింది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతులు చరవాణుల ద్వారా వ్యాపించి, దేశంలో పలుచోట్ల అమాయకులు జనం చేతిలో ప్రాణాలు కోల్పోయారు. వారిని చంపినది రెండో అర్థంలోని అనుమానం. ఒక్క మనిషి ఆగి, ‘ఎవరు చూశారు? ఎప్పుడు? ఎక్కడ?’ అని అడిగి ఉంటే, ఆ ప్రశ్న విలువ ఒక నిండు ప్రాణమయ్యేది. కథలు చదివినంత మాత్రాన మూక మనుషులవుతుందని నేను అనను. కాని ప్రశ్నించే అలవాటు ఎక్కడో ఒకచోట మొదలు కావాలి. సరదాగా చదివే పుస్తకంలో మొదలయితే అది మరింత గట్టిగా నిలుస్తుంది.

2019లో నెల్లూరు నేపథ్యంగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ చిత్రాన్ని ప్రేక్షకులు ఆదరించడం చూస్తే ఈ రుచి మనలో చావలేదని తెలుస్తుంది. కాని ఆ రుచిని పెంచిన పాత నవలలు మాత్రం చవక కాగితంపై అచ్చయి, అటకలమీద చెదలకు ఆహారమవుతున్నాయి. వాటిలో మేలైనవాటిని ఏరి గ్రంథాలయాల్లో భద్రపరచడం మన బాధ్యత. ఒక తరం ఏమి చదివి చదువరి అయిందో తరువాతి తరానికి తెలియాలి.

ఈసారి మీకు అటువంటి నవల దొరికినప్పుడు, చివరి ప్రకరణానికి ముందు పుస్తకం మూయండి. నేరస్థుడెవరో ఒక కాగితంపై రాయండి. ఆ పేరు కింద మీ కారణాలు రాయండి. కారణాలు రాయలేకపోతే, ఆ పేరు కొట్టివేయండి.