మర్దన విలాసం కాదు
మర్దన అంటే డబ్బున్నవాళ్ల విలాసమని మనలో చాలామంది అనుకుంటాం. కాని ఉభాల్లో రోజంతా వంగే అమ్మల నడుములకు, పాతపట్నం బజార్లో బస్తాలు మోసే నాన్నల భుజాలకే అది ఎక్కువ అవసరం. పట్టేసిన కండరాన్ని చేత్తో నెమ్మదిగా, నిలకడగా నొక్కితే బిగువు సడలి నొప్పి కొంత తగ్గుతుంది.

అయితే కబడ్డీలో చీలమండ బెణకగానే నూనె రాసి గట్టిగా రుద్దే అలవాటు మానుకోవాలి. కొత్త వాపును రుద్దితే అది ఇంకా పెరగవచ్చు. ముందు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసు ముఖ్యం. కాలు మోపలేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మన జిల్లా ఆమదాలవలసలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. అలాంటి ఆశలున్న పిల్లలు మన హాస్టళ్లలోనూ ఉన్నారు. నెలకొకసారైనా ఫిజియోథెరపిస్టును హాస్టళ్లకు పంపాలని అధికారులను కోరుతున్నాం. నేర్చుకున్నది సెలవుల్లో ఇంటికీ పట్టుకెళ్దాం.